కూరలోని రంగు ఎటు పోతోంది? వండేటప్పుడు దాన్ని నిలబెట్టుకోవడం ఎలా

ఎర్ర తోటకూరను తరిగాక కడిగితే సింకులోకి గులాబీ నీళ్ళు పోతాయి. క్యారెట్ తురుమును నీళ్ళలో వేస్తే నీళ్ళకు రంగు అంతగా దిగదు. అదే తురుమును నూనెలో వేయిస్తే రెండు నిమిషాల్లో నూనె నారింజ రంగుకు తిరుగుతుంది. మొక్కల రంగుల్లో కొన్ని నీళ్ళలో కరిగేవి, కొన్ని నూనెలో మాత్రమే కరిగేవి. ఒకదానికి మేలు చేసే వంట ఇంకోదాన్ని పాడు చేస్తుంది. రంగురంగుల కూరగాయలు తినమని అందరూ చెప్తారు. ఆ రంగు కంచం దాకా, కంచం నుంచి రక్తం దాకా ఎలా చేరాలో మాత్రం చెప్పేవాళ్ళు తక్కువ. ఆ పని అడుగడుగునా ఎలా చేయాలో ఇక్కడ చూద్దాం.

ముందు కొంచెం కణం సంగతి

తిన్న అన్నాన్ని శక్తిగా మార్చే పని కణంలోని మైటోకాండ్రియాలో జరుగుతుంది. ఆ పనిలో కొన్ని ఎలక్ట్రాన్లు దారి తప్పి ఆక్సిజన్‌కు అంటుకుని సూపర్‌ఆక్సైడ్ పుడుతుంది. దాన్నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ వస్తుంది. దగ్గర్లో విడి ఇనుము ఉంటే అది అన్నిటికంటే దుడుకైన హైడ్రాక్సిల్ రాడికల్‌గా మారుతుంది. ఇవి పక్కనున్న అణువుల నుంచి ఎలక్ట్రాన్లు లాక్కుంటాయి. కణం పొరలోని కొవ్వు అణువు ఒకటి చెడితే అది పక్కదాన్ని చెడగొడుతుంది, అది ఇంకోదాన్ని. ప్రొటీన్లకూ డీఎన్‌ఏకూ ఇదే గతి పట్టవచ్చు. దీన్నే ఆక్సీకరణ నష్టం అంటారు. సిగరెట్ పొగ, మండుటెండ, వాహనాల కాలుష్యం దీన్ని పెంచుతాయి.

శరీరం చేతులు కట్టుకుని కూర్చోదు. సూపర్‌ఆక్సైడ్ డిస్‌మ్యుటేజ్, కాటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ లాంటి ఎంజైములు రాత్రింబవళ్ళు ఈ నష్టాన్ని ఆపుతూనే ఉంటాయి. ఆహారంలోని వర్ణకాలు, అంటే రంగునిచ్చే పదార్థాలు, వాటికి తోడు నిలుస్తాయి. అది రెండు దారుల్లో జరుగుతుందని ఇప్పటికి తెలిసింది.

మొదటిది నేరుగా చేసే పని. క్యారెట్‌లోని బీటా కెరోటిన్, టమాటలోని లైకోపీన్, ఆకుకూరల్లోని లూటీన్ కొవ్వులో కరుగుతాయి కాబట్టి కణం పొరలోకే వెళ్ళి కూర్చుంటాయి. వాటి అణువులో ఒకటి విడిచి ఒకటిగా సాగే జంట బంధాల వరుస ఉంటుంది. ఎండ వల్ల పుట్టే సింగ్లెట్ ఆక్సిజన్ అనే రకం తగిలితే దాని శక్తిని ఈ వరుస తీసుకుని వేడిగా వదిలేస్తుంది. ఆకులో సూర్యకాంతి నుంచి ఆకును కాపాడేదీ ఇదే పద్ధతి. మన కంటి రెటీనా నడిమధ్యన లూటీన్, జియాజాంతిన్ పోగుపడి నీలి కాంతిని వడపోస్తాయి.

రెండోది చుట్టుదారి. నేరేడు, వంకాయ తొక్క, నల్ల బియ్యంలో ఉండే ఆంథోసయనిన్లు రక్తంలోకి చాలా కొద్దిగానే చేరతాయి, త్వరగానే బయటికి పోతాయి. అంత తక్కువ మోతాదుతో, ఎలక్ట్రాన్లు లాక్కునే రాడికల్స్‌ను ఒక్కొక్కటిగా పట్టుకోవడం జరిగే పని కాదు. పెద్దపేగులోని బ్యాక్టీరియా వీటిని విరిచి చేసే చిన్న అణువులు, కణంలో ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే ప్రొటీన్‌ను మేల్కొలుపుతాయని ప్రయోగాలు చెప్తున్నాయి. అది కేంద్రకంలోకి వెళ్ళి పైన చెప్పుకున్న రక్షణ ఎంజైములను ఇంకా ఎక్కువ చేయిస్తుంది. అంటే వర్ణకం యుద్ధం చేయడం కంటే సైన్యాన్ని పిలవడం ఎక్కువ. ఇదంతా పరీక్షనాళికల్లో, జంతువుల్లో బాగా కనిపించింది. మనుషుల్లో జబ్బులు తగ్గాయని తేల్చడం అంత తేలిక కాదు. అందుకే ఇక్కడ "కాపాడవచ్చు" అనే మాటే సరైనది.

ప్యాకెట్ల మీద "యాంటీఆక్సిడెంట్ స్కోరు" (ఆక్సీకరణను ఆపే శక్తి) అంకెలు చూసి కొనేవాళ్ళకు ఒక మాట. ఓఆర్‌ఏసీ అనే ఆ కొలత గాజు నాళికలో చేసేది. ఒంట్లో జరిగేదానికీ దానికీ పొంతన లేదని అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన ఓఆర్‌ఏసీ పట్టికనే తీసేసింది. ఆ అంకెను పట్టించుకోకండి.

అడుగు 1: మీ చేతిలో ఉన్నది ఏ రంగో తేల్చుకోండి

ఇంట్లోనే చేసే చిన్న పరీక్ష. రెండు గాజు గ్లాసులు తీసుకోండి. ఒకదానిలో గోరువెచ్చటి నీళ్ళు, ఒకదానిలో గోరువెచ్చటి నూనె, రెండు చెంచాల చొప్పున. కూరగాయను సన్నగా తురిమి చిటికెడు చొప్పున రెండిట్లో వేసి కలిపి పది నిమిషాలు వదిలేయండి. రంగు ఏ గ్లాసులోకి దిగితే వంటలో దాని దారి అదే. పది నిమిషాల పరీక్ష, కానీ పిల్లలతో చేయిస్తే జీవితాంతం గుర్తుంటుంది.

నూనెలోకి దిగేవి కెరోటినాయిడ్లు: క్యారెట్, గుమ్మడికాయ, పండిన మామిడి, బొప్పాయి, నారింజ రంగు గుజ్జున్న చిలగడదుంప, టమాట, పుచ్చకాయ, ఎండుమిర్చి, గుడ్డు సొన. ఆకుకూరలు కూడా ఈ జట్టే. పాలకూరలోనూ మునగాకులోనూ ఉన్న పసుపు, నారింజ రంగులను ఆకుపచ్చ కప్పేస్తుంది, అంతే. పసుపుకొమ్ములోని కర్కుమిన్ వేరే జాతి, అయినా అదీ నూనెలోకే దిగుతుంది.

నీళ్ళలోకి దిగేవి రెండు కుటుంబాలు. ఆంథోసయనిన్లు: నేరేడు, నల్ల ద్రాక్ష, దానిమ్మ, వంకాయ తొక్క, ఎర్ర క్యాబేజీ, నల్ల బియ్యం, పుంటికూర (గోంగూర) ఎర్ర కాడ. బీటలైన్లు: బీట్‌రూట్, ఎర్ర తోటకూర, బచ్చలి పళ్ళు. చూడ్డానికి రెండూ ఎరుపే. అయినా ఒకే మొక్కలో ఈ రెండూ కలిసి ఉండటం ఎక్కడా కనపడలేదు. తేడా తెలియాలంటే కొంచెం తినే సోడా కలిపి చూడండి. ఎర్ర క్యాబేజీ రసం వెంటనే నీలానికి తిరుగుతుంది. బీట్‌రూట్ రసం అంత తేలిగ్గా రంగు మార్చదు.

ఇక ఆకుపచ్చ, అంటే క్లోరోఫిల్. దాని సంగతి వండేటప్పుడు చెప్పుకుందాం.

సీతాఫలం మీద ఆశ పెట్టుకోకండి. రుచికి సాటి లేదు, పీచు ఉంది, కానీ ఆ తెల్లటి గుజ్జులో వర్ణకం దాదాపు లేదు.

అడుగు 2: కొనేటప్పుడు

హైదరాబాద్‌లో అయితే ఎర్రగడ్డ, మెహిదీపట్నం, సరూర్‌నగర్, కూకట్‌పల్లి... మీకు దగ్గర్లోని రైతు బజారుకు పొద్దున్నే వెళ్ళండి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నానికి ఆకుకూర వాడిపోతుంది. వాడిన ఆకులో విటమిన్ సి, కెరోటినాయిడ్లు రెండూ తగ్గుతూ పోతాయి. కట్ట పట్టుకున్నప్పుడు కాడ పుటుక్కున విరగాలి. వంకాయ తొక్క మెరవాలి, తొడిమ పచ్చగా ఉండాలి. ఎర్ర గుజ్జు బొప్పాయి, గులాబీ గుజ్జు జామ దొరికితే తెల్ల జామ కంటే అవే తీసుకోండి, వాటిలో లైకోపీన్ ఉంటుంది. చిలగడదుంపలో బీటా కెరోటిన్ కావాలంటే లోపలి గుజ్జు నారింజగా ఉండాలి. పైతొక్క ఎర్రగా ఉండి లోపల తెల్లగా ఉండే మామూలు రకంలో అది నామమాత్రం.

పచ్చళ్ళకు మంచి ఎర్రదనం, తక్కువ ఘాటు కావాలంటే వరంగల్ చపాట మిర్చి అడగండి. దాని ఎరుపు కాప్సాంతిన్ అనే కెరోటినాయిడ్.

రంగు కోసం కొంటున్నప్పుడే రంగు వేసినవి అంటగడతారు. ఇంట్లో చేయగలిగే పరీక్షలు ఇవి:

ఆకుకూర, పచ్చిమిర్చి, బెండకాయ: మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్‌లో దూది ముంచి కాయ పైభాగాన్ని రుద్దండి. దూదికి ఆకుపచ్చ అంటితే మలకైట్ గ్రీన్ అనే కృత్రిమ రంగు వేసినట్టు.

చిలగడదుంప: తడి దూదితో ఒకసారి, నూనె దూదితో ఒకసారి తొక్కను రుద్దండి. దూది గులాబీ అయితే అది పూసిన రంగు.

పసుపు: గ్లాసు నీళ్ళలో ఒక చెంచా వేసి కదపకుండా వదిలేయండి. మంచి పసుపు కిందికి దిగుతూ నీళ్ళను లేత పసుపు చేస్తుంది. కలిపిన రంగైతే నీళ్ళు చిక్కటి పసుపుకు తిరుగుతాయి.

కారంపొడి: గ్లాసు నీళ్ళ మీద చల్లండి. రంగు చారలుగా కిందికి జారితే అది నీళ్ళలో కరిగే కృత్రిమ రంగు. మిర్చి అసలు రంగు నూనెలో కరిగేది కాబట్టి అలా చారలు కట్టదు. ఇక్కడ ఒక చిక్కుంది. నూనెలో కరిగే సూడాన్ అనే కృత్రిమ రంగులను ఈ పరీక్ష పట్టుకోలేదు. అందుకే ఎండుమిర్చి కొని గిర్నీలో పట్టించుకోవడమే మేలు.

అడుగు 3: కడగడం, తరగడం, దాచడం

ముందు కడగాలి, తర్వాత తరగాలి. ఎర్ర తోటకూరకు ఇది తప్పనిసరి, తరిగిన ప్రతి చోటా కణాలు తెగి బీటలైన్ బయటికి వస్తుంది. మట్టి ఎక్కువుంటే పెద్ద గిన్నె నిండా నీళ్ళు పోసి ఆకులను ముంచి పైకి తీయండి. మట్టి అడుగుకు దిగుతుంది. ఇలా మూడు నీళ్ళు మార్చండి. నానబెట్టవద్దు.

తరిగిన ముక్కకు వెలుగు, గాలి రెండూ శత్రువులే. పొద్దున వంటకు రాత్రే తరిగి పెట్టుకోక తప్పదంటే మూత గట్టిగా పట్టే డబ్బాలో, ఫ్రిజ్‌లో, ఒక్క రాత్రికే. కారంపొడి, పసుపు గాజు సీసాల్లో స్టవ్ పక్కన పెడితే కొన్ని నెలల్లో వెలిసిపోతాయి. స్టీలు డబ్బా వాడండి. ఏడాదికి పట్టించిన కారంలో నెలకు సరిపడా బయట ఉంచి, మిగతాది ఫ్రిజ్‌లో పెట్టండి.

మునగాకు, కరివేపాకు పొడి కోసం ఆకును ఎండలో ఆరబోస్తారు. అది తప్పు. ఎండలోని అతినీల కాంతి, గాలిలోని ఆక్సిజన్ కలిసి బీటా కెరోటిన్‌ను విరగ్గొడతాయి. కడిగిన ఆకును బట్ట మీద పలచగా పరిచి గదిలో ఫ్యాను కింద మూడు నాలుగు రోజులు ఆరబెట్టండి. నలిపితే పొడి కావాలి, రంగు ఆకుపచ్చగానే ఉండాలి. గడ్డివాము రంగుకు తిరిగితే చాలా పోయినట్టే.

అడుగు 4: వండటం

*టమాట.* ఇది వండితేనే మేలు చేసే కూరగాయ. లైకోపీన్ పచ్చి టమాటలో గట్టి కణగోడల వెనక స్ఫటికాలుగా ఉంటుంది. వేడి ఆ గోడలను పగలగొడుతుంది, అణువు ఆకారాన్ని కొంత వంచుతుంది కూడా. ఆ వంగిన రూపాన్ని పేగు తేలిగ్గా పీల్చుకుంటుంది. హైదరాబాదీ టమాటర్ కా కట్ ఇందుకు పుట్టినట్టే ఉంటుంది, ఒక్క పొరపాటు తప్ప. ఉడికిన టమాటను వడకట్టి తొక్క పారేస్తారు. లైకోపీన్ గుజ్జులో కంటే తొక్కలో చిక్కగా ఉంటుంది. ఇలా చేయండి:

1. బాగా పండిన టమాటలు 1 కిలో కడిగి నాలుగు ముక్కలు చేయండి. 4 పచ్చిమిర్చి, చెంచా అల్లం వెల్లుల్లి ముద్ద, అర చెంచా పసుపు, గ్లాసు నీళ్ళతో 15 నిమిషాలు ఉడికించండి.
2. చల్లారాక తొక్కతో సహా మిక్సీలో రెండు నిమిషాలు మెత్తగా తిప్పండి. గరగర తగిలితే ఇంకో నిమిషం.
3. 2 టేబుల్ స్పూన్ల శనగపిండిని కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి గుజ్జులో పోయండి.
4. 3 టేబుల్ స్పూన్ల నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు పోపు పెట్టి, గుజ్జు పోసి సన్నటి మంట మీద 15 నిమిషాలు మరిగించండి. పైన ఎర్రటి నూనె తేలితే లైకోపీన్ నూనెలోకి దిగినట్టు.
5. ఉడికించిన గుడ్లు 4 వేయండి. సొనలో లూటీన్ ఉంది, దాన్ని పీల్చుకోవడానికి కావలసిన కొవ్వూ ఉంది.

పైన తేలిన నూనెను గరిటెతో తీసి పారేయవద్దు. రంగంతా అందులోనే ఉంది. ఆవకాయ జాడీలో పైకి తేలే ఎర్ర నూనె సంగతీ ఇదే, కాకపోతే అందులో ఉప్పు కూడా దండిగా ఉంటుంది కాబట్టి దాన్ని ఔషధంగా లెక్కవేయకండి.

*క్యారెట్, గుమ్మడి.* పచ్చి క్యారెట్ నమిలితే బీటా కెరోటిన్‌లో ఎక్కువ భాగం పేగులోంచి అలాగే బయటికి పోతుంది. సన్నగా తురిమి, చెంచాన్నర నూనెలో మూతపెట్టి ఆరేడు నిమిషాలు మగ్గించండి. అంతకంటే ఎక్కువ వేడి, ముఖ్యంగా డీప్ ఫ్రై, కెరోటిన్‌ను విరగ్గొడుతుంది. చిప్స్ వేసిన నూనె నారింజ రంగుకు తిరిగిందంటే మీరు కొన్న రంగు మూకుడులో మిగిలిపోయింది.

*ఆకుకూర.* క్లోరోఫిల్ అణువు నడుమ ఒక మెగ్నీషియం ఉంటుంది. వేడి తగిలిన ఆకులోంచి వచ్చే ఆమ్లం ఆ మెగ్నీషియాన్ని తోసేస్తుంది, దాని చోట హైడ్రోజన్ చేరుతుంది, ఆకు ఆలివ్ రంగుకు తిరుగుతుంది. ఐదారు నిమిషాలు దాటితే ఇది జోరందుకుంటుంది. కుక్కర్లో పప్పుతో కలిపి పెట్టిన పాలకూర అందుకే బురద రంగులో బయటపడుతుంది. దీనికి మందు:

1. గ్లాసు కందిపప్పును పసుపుతో విడిగా ఉడికించుకోండి.
2. కడాయిలో 2 చెంచాల నూనె, పోపు, ఎల్లిపాయ. తరిగిన పాలకూర 250 గ్రాములు వేసి మూత లేకుండా 4 నిమిషాలు. మూత తీసి ఉంచితే ఆవిరితో పాటు కొంత ఆమ్లం పోతుంది.
3. ఉడికిన పప్పు కలిపి 2 నిమిషాలు మరిగించి దించండి.
4. పులుపు చివర్లో. స్టవ్ ఆపాక నిమ్మరసం పిండండి.

పుంటికూర ఆకులోనే పులుపుంది, కాబట్టి అది రెండు నిమిషాల్లో ఆలివ్ రంగుకు మారి తీరుతుంది. ఎవరి చేతి వంటలోనైనా అంతే. మారినా దిగులు పడక్కర్లేదు. ఆకుపచ్చ పోయిందంటే లూటీన్, బీటా కెరోటిన్ పోయినట్టు కాదు, అవి వేరు. నూనెలో వేయిస్తాం కాబట్టి అవి పచ్చడిలో బాగానే దొరుకుతాయి. ఎక్కువసేపు ఉడికితే తగ్గేవి విటమిన్ సి, ఫోలేట్. హోటల్ పాలక్ పనీర్ చిలకపచ్చగా మెరిసిపోతుంటే అందులో తినే సోడా పడి ఉండవచ్చు. సోడా రంగును నిలబెడుతుంది, కానీ విటమిన్ సి, థయమిన్‌లను నాశనం చేస్తుంది. ఇంట్లో ఆ పని చేయకండి.

*వంకాయ.* ఊదా రంగంతా తొక్కలోనే ఉంటుంది, దాని పేరు నాసునిన్. లోపలి తెల్ల గుజ్జు నల్లబడటం వేరే సంగతి. అక్కడి క్లోరోజెనిక్ ఆమ్లాన్ని ఒక ఎంజైము గాలి తగలగానే ఆక్సీకరణ చేస్తుంది. గుత్తివంకాయకైనా బగారా బైంగన్‌కైనా అర కిలో చిన్న వంకాయలను వండే ముందే కోయండి, లీటరు నీళ్ళలో చెంచా ఉప్పు వేసి ముంచి ఉంచండి, పది నిమిషాలకు మించవద్దు. తుడిచి, బాగా కాగిన నూనెలో తొక్క వైపు ముందు తగిలేలా వేయండి. చురుకైన వేడి ఎంజైమును చంపేస్తుంది, రంగు నీళ్ళలోకి దిగే అవకాశమూ ఉండదు. చల్లటి నూనెలో వేసి మూతపెడితే తొక్క గోధుమ రంగుకు తిరుగుతుంది. ఇనుప మూకుడు వద్దు, ఇనుముతో కలిసి ఈ ఆమ్లాలు నల్లగా మారతాయి.

*బీట్‌రూట్.* తొక్క తీసి ముక్కలు కోసి నీళ్ళలో ఉడకబెట్టి నీళ్ళు వంచేయడం కంటే చెడ్డ పద్ధతి లేదు. కాడను రెండు వేళ్ళ మందం ఉంచి, తోక కోయకుండా, తొక్కతోనే కుక్కర్లో చిన్న గ్లాసు నీళ్ళు పోసి పెట్టండి. మధ్యస్థం దుంపకు నాలుగు విజిల్స్. చల్లారాక వేళ్ళతో రుద్దితే తొక్క ఊడుతుంది. బీటలైన్ కొంచెం పులుపులో గట్టిగా నిలుస్తుంది, కాబట్టి తురిమాక నిమ్మరసం పిండండి, లేదా పెరుగు పచ్చడి చేయండి. మరీ ఎక్కువసేపు ఉడికితే మట్టి రంగుకు తిరుగుతుంది, ఇక దాన్ని తిరిగి పూర్తిగా ఎర్రగా చేయలేరు. ఎర్ర తోటకూరకూ ఇదే సూత్రం: తక్కువ నీళ్ళు, తక్కువ సేపు, ఊరిన నీళ్ళు కూరలోనే ఇగరాలి.

*నల్ల బియ్యం.* ఆంథోసయనిన్ పైపొర తవుడులో ఉంటుంది. మామూలు బియ్యంలా నాలుగు నీళ్ళు కడిగితే సగం రంగు గంగలో కలిసినట్టే. ఒక్కసారి గబగబా కడిగి, గ్లాసు బియ్యానికి రెండున్నర గ్లాసుల నీళ్ళు పోసి రాత్రంతా ఫ్రిజ్‌లో నానబెట్టండి. ఆ నీళ్ళతోనే కుక్కర్లో సన్నటి మంట మీద నాలుగైదు విజిల్స్ రానివ్వండి. గంజి వార్చవద్దు. కొత్తలో మూడు వంతుల తెల్ల అన్నంలో ఒక వంతు ఇది కలిపి తింటే ఇంట్లో ఎవరూ గొణగరు.

నగరంలో బోరు నీళ్ళతో వండేవాళ్ళకు ఒక సమస్య వస్తుంది. ఆ నీళ్ళలో బైకార్బొనేట్ ఎక్కువ. మరిగించినకొద్దీ కార్బన్ డయాక్సైడ్ పోయి నీళ్ళు ఇంకా క్షారంగా మారతాయి. ఆంథోసయనిన్ పులుపులో ఎరుపు, మధ్యలో ఊదా, క్షారంలో నీలం, ఇంకా దాటితే పచ్చపసుపు. ఆ చివరి దశకు వచ్చేసరికి అణువు విరిగిపోతూ ఉంటుంది. మీ నీళ్ళ సంగతి తెలియాలంటే ఎర్ర క్యాబేజీ ముక్కలు కొన్ని వేసి మరిగించండి. రసం నీలంగా వస్తే నల్ల బియ్యానికీ ఎర్ర క్యాబేజీ కూరకూ తాగే నీళ్ళు వాడండి, లేదా గ్లాసుకు అర చెంచా నిమ్మరసం కలపండి.

*పసుపు.* ఒక చెంచా పసుపు సుమారు 3 గ్రాములు, అందులో కర్కుమిన్ దాదాపు 3 శాతం. అంటే చెంచా నిండా వేసినా 90 మిల్లీగ్రాములే. పైగా పేగు దాన్ని సరిగా పీల్చుకోదు. మిరియాల్లోని పైపెరిన్ ఆ పీల్చుకోవడాన్ని చాలా రెట్లు పెంచుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. కాబట్టి చారులోనైనా పాలలోనైనా పసుపు వేస్తే దంచిన మిరియాలు కూడా వేయండి. నూనెలో వేశాక అర నిమిషం లోపు తడి తగిలించాలి, మాడితే చేదెక్కుతుంది. కారంపొడి ఇంకా తొందరగా మాడుతుంది. దాన్ని స్టవ్ ఆపాకే నూనెలో వేయండి.

*నేరేడు, నల్ల ద్రాక్ష, దానిమ్మ* వండనక్కర్లేదు. జూన్, జూలై నెలల్లో నేరేడు దొరికినప్పుడు గింజ తీసి, గుజ్జును తొక్కతో సహా 200 గ్రాముల ప్యాకెట్లుగా డీప్ ఫ్రీజర్లో పెట్టండి. రంగు నెలల తరబడి నిలుస్తుంది.

అడుగు 5: ప్రతి పూటా కొంచెం కొవ్వు

కెరోటినాయిడ్లు పేగులో కొవ్వుతో కలిసి చిన్న బిందువులుగా మారితేనే లోపలికి వెళ్తాయి. పూటకు 3 నుంచి 5 గ్రాముల కొవ్వు సరిపోతుంది. అంటే చెంచా నూనె, లేదా చిన్న పిడికెడు పల్లీలు, లేదా టేబుల్ స్పూన్ నువ్వుల పొడి, లేదా ఒక గుడ్డు. ఒక పరీక్షలో నూనె చుక్క లేని సలాడ్ తిన్నవాళ్ళ రక్తంలో కెరోటినాయిడ్లు దాదాపు పెరగలేదు. బరువు తగ్గాలని ఉప్పు, నిమ్మరసంతో క్యారెట్ తురుము తినేవాళ్ళు అందులో వేయించిన పల్లీల పొడి రెండు మూడు చెంచాలు కలుపుకోండి.

అడుగు 6: రోజు లెక్క

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు 2000 కేలరీల భోజనానికి కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు అని చెప్పింది. ఒక్కసారి తూకం వేసి చూడండి, చాలా ఇళ్ళలో ఇందులో సగం కూడా తేలదు. మన ఇళ్ళలో అసలు లోటు ఇదే, రంగుల ఎంపిక ఆ తర్వాతి మాట. అదే సంస్థ 2017లో వేసిన భారతీయ ఆహార పదార్థాల పట్టికల్లో 528 రకాల తిండి పదార్థాలున్నాయి. ఏ ఆకులో లూటీన్ ఎంత, బీటా కెరోటిన్ ఎంత అన్నది విడివిడిగా దొరుకుతుంది.

ఒక రోజుకు ఇలా: పొద్దున ఇడ్లీతో టమాట పచ్చడి, మధ్యాహ్నం పాలకూర పప్పు, వంకాయ కూర, సాయంత్రం జామ లేదా బొప్పాయి, రాత్రి చపాతీతో బీట్‌రూట్ పెరుగు పచ్చడి. మర్నాడు ఎర్ర తోటకూర, క్యారెట్, దానిమ్మ. రోజూ అన్ని రంగులూ ఉండాలని పట్టుపట్టకండి, వారంలో అన్నీ ఒకసారి తిరిగితే చాలు.

మాత్రలతో సరిపెట్టుకోవచ్చా?

వద్దు. ఫిన్‌లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ళ మీద జరిగిన పరీక్ష ఫలితాలు 1994లో వచ్చాయి. రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ మాత్ర తీసుకున్నవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. అమెరికాలో కారెట్ (CARET) అనే పరీక్షలో బీటా కెరోటిన్‌తో పాటు విటమిన్ ఎ ఇచ్చారు. అక్కడ క్యాన్సర్ 28 శాతం ఎక్కువ కనపడటంతో 1996లో గడువుకు 21 నెలల ముందే ఆపేశారు. ఒక్క వర్ణకాన్ని విడదీసి పెద్ద మోతాదులో ఇస్తే, పొగకు అలవాటుపడిన ఊపిరితిత్తిలో అది తిరగబడవచ్చు. క్యారెట్ కూరతో అలాంటి ప్రమాదం ఎక్కడా కనపడలేదు. సిగరెట్ తాగేవాళ్ళు, మానేసినవాళ్ళు బీటా కెరోటిన్ మాత్రల జోలికి పోవద్దు. కర్కుమిన్ మాత్రలూ డాక్టరును అడగకుండా వద్దు, ముఖ్యంగా రక్తం పలచబడే మందులు వాడుతుంటే.

వీళ్ళు ముందు డాక్టరుతో మాట్లాడాలి

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ లాంటి మందు వాడేవాళ్ళు ఆకుకూర మానక్కర్లేదు, కానీ వారం వారం మోతాదు ఒకేలా ఉండాలి. ఆకుల్లోని విటమిన్ కె ఒక్కసారిగా పెరిగినా తగ్గినా మందు లెక్క తప్పుతుంది. కిడ్నీలో ఆక్సలేట్ రాళ్ళున్నవాళ్ళు పాలకూర, బీట్‌రూట్ తగ్గించాలి. కిడ్నీ జబ్బున్నవాళ్ళకు పొటాషియం లెక్క ముఖ్యం, అది వాళ్ళ డాక్టరే చెప్పాలి. ఐరన్ మాత్ర వేసుకునేవాళ్ళు నేరేడు, ద్రాక్ష, దానిమ్మ రసాలతో కాకుండా నీళ్ళతో వేసుకుని, కొంత ఎడం ఇవ్వాలి.

బీట్‌రూట్ తిన్న మర్నాడు మూత్రం గులాబీగా వస్తే కొందరు హడలిపోతారు. ఒకటి రెండు రోజుల్లో మామూలుకు వస్తే అది బీటలైనే. బీట్‌రూట్ తినకుండానే ఎర్రగా వస్తే మాత్రం పరీక్ష చేయించుకోవాలి. అలాగే క్యారెట్, గుమ్మడి, బొప్పాయి వారాల తరబడి ఎక్కువగా తింటే అరచేతులు, అరికాళ్ళు పసుపెక్కుతాయి. తగ్గిస్తే కొన్ని వారాల్లో పోతుంది, హాని లేదు. కళ్ళలోని తెల్లగుడ్డు కూడా పసుపుగా ఉంటే అది క్యారెట్ పని కాదు, కామెర్లు. అదే రోజు డాక్టరుకు చూపించండి.